అక్కకు చదివి వినిపించిన చట్టం

చట్టం నెగ్గిన మర్నాడు సభానాయకుడు ఆసుపత్రి మెట్లు ఎక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగాడు. నిన్నంతా అరుపులు, బుజ్జగింపులు, అలిగినవాళ్ళ గడ్డాలు పట్టుకోవడాలు. గెలిచాక కార్యాలయంలో అందరూ చేతులు కలిపి వీపులు చరుచుకుంటుంటే, ఆయనకు మాత్రం ఎక్కడైనా ఓ మూల కూలబడితే చాలనిపించింది. అలసట ఒళ్ళంతా ఉంది. అది నిద్రపోతే తీరే రకం కాదని ఆయనకూ తెలుసు.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆయన విలేఖరుల ముందు నిలబడి ఆ వారం సంగతులు చెబుతాడు. ఏ చట్టం గట్టెక్కింది, ఏది మూలపడింది, పొరుగుదేశంతో చర్చలు ఎందాకా వచ్చాయి, ధరలు దిగుతాయన్నవి ఎందుకు దిగలేదు. రాసేది కార్యదర్శే గానీ, ఆ రాత విలేఖరుల చెవిన పడేముందు అక్క చెవిన పడాలి. మొదటిసారి గెలిచిన నాటినుంచీ ఇదే పద్ధతి. అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. గరగరమనే లైన్ల మీద జనం మాటలు వినీ వినీ, అర్థం కాకపోయినా అయినట్టు తలూపడం ఆవిడకు చేతకాకుండా పోయింది. "అర్థం కాలేదురా, మళ్ళీ చెప్పు" అంటుంది. ఆ మాట ఆయన కొట్టేసి ఇంకోటి రాసుకుంటాడు. పామరుడికి కూడా తెలిసేలా మాట్లాడతాడని ఆయనకున్న పేరులో సగం వాటా అక్కదే. ఆ సంగతి ఆయన ఏ వేదిక మీదా చెప్పలేదు, ఆవిడా చెప్పమనలేదు.

అక్క కిడ్నీలు మొరాయించాక ఈ చదివి వినిపించడం ఇంటినుంచి ఆసుపత్రికి మారింది. అక్క ఇంటికి రెండు సందుల అవతల ఉన్న చిన్న ఆసుపత్రి. పైఅంతస్తులో పొడుగాటి గది, కిటికీ వెంట వరసగా కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో డయాలసిస్ యంత్రం. వారానికి మూడు రోజులు, అందులో శుక్రవారం ఒకటి, అక్క అక్కడ చెయ్యి చాపుకుని పడుకుంటుంది. పక్క కుర్చీ తాపీమేస్త్రిది. తమ్ముడు చదువుతుంటే మేస్త్రి కూడా వింటాడు, మధ్యలో గుర్రు పెడతాడు, ముఖ్యమైన చోట మాత్రం ఎలా తెలుస్తుందో ఏమో, లేస్తాడు.

"ఏంట్రా, ముఖం అలా వేలాడేశావ్? గెలిచారటగా?"

"గెలిచాం అక్కా."

"మరి ఓడినోడిలా కూర్చున్నావేం? చదువు."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. చర్చల సంగతి చదివాడు. ధరల సంగతి చదివాడు. అక్క ఒకచోట నవ్వింది, ఒకచోట "ఇది పోయిన నెలా చెప్పావు" అని దెప్పింది. తర్వాతి పేరా దగ్గర ఆయన గొంతు దానంతటదే వేగం పుంజుకుంది.

"సేవల సమీకరణ చట్టం వల్ల రోగులకు మరింత నాణ్యమైన వైద్యం ఒకేచోట అందుబాటులోకి వస్తుంది."

ఆ పేరు పెట్టిన కమిటీలో ఆయనా ఉన్నాడు. వింటే ఎవరికీ ఏమీ అనిపించకూడదనే అలాంటి పేరు ఎంచుకున్నారు. చిన్న ఆసుపత్రుల్లో డయాలసిస్ గదులు ఎత్తేస్తారు, యంత్రాలు ఊరికి ఆ చివరున్న పెద్ద ఆసుపత్రికి పోతాయి. ఎత్తేసే గదుల్లో ఇదీ ఒకటి. ఖజానాలో డబ్బు లేదు, ఇంకో దారి లేదు అని ఆయన నిన్న సభలో గంటసేపు వాదించాడు. ఆ వాదన ఇక్కడ, ఈ కుర్చీ ముందు, నోట్లోంచి రావడం లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి, అక్కకు అర్థం కాకపోతే బాగుండునని ఆయన కోరుకున్నాడు.

"అర్థం కాలేదురా, మళ్ళీ చెప్పు."

"అంటే... చెల్లాచెదురుగా ఉన్న యంత్రాలన్నీ ఒకచోటికి తెస్తారు."

"ఏ చోటికి?"

"పెద్దాసుపత్రికి."

"సరే. ఇప్పుడున్న చోట ఏముంటుంది?"

ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. మేస్త్రి గుర్రు ఆగిపోయింది. సూది సరిచేస్తున్న నర్సు తలెత్తకుండానే వింటోంది.

"ఏమీ ఉండదక్కా. ఈ గది మూసేస్తారు."

అక్క ఆయన వైపు తల తిప్పింది.

"మొదటిసారే అర్థమైంది. నీ నోటితో చెబుతావో లేదో చూద్దామని అడిగా."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. "నువ్వేం కంగారు పడకు అక్కా. నీకు కారు పంపిస్తాను. ఇంటి ముందు ఎక్కించుకుని, మళ్ళీ ఇంట్లో దింపుతారు."

"మేస్త్రికో?"

ఆయన మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి మొహమాటంగా నవ్వి, "నా సంగతికేముందిలెండి బాబూ" అన్నాడు. డయాలసిస్ అయ్యాక గోడ పట్టుకుంటే తప్ప మెట్లు దిగలేని మనిషి. పెద్దాసుపత్రికి రెండు బస్సులు మారాలి.

"ఓటు నువ్వూ వేశావా?"

"నేను వెయ్యకపోతే ఎలా అక్కా? మిగతావాళ్ళు నన్ను చూసే చెయ్యెత్తుతారు."

"అవును మరి" అంది అక్క. ఆవిడకు కోపం వస్తే బాగుండేది. నాలుగు తిడితే పడి, ఏడ్చి, తేలికపడేవాడు. కానీ ఆ గొంతులో కోపం లేదు, ఎవరో తెలియని మనిషికి ఫోన్లో జవాబు చెప్పినట్టుంది. "నీకు వేళవుతోంది, వెళ్ళు. వచ్చే వారం నుంచి ఇంత దూరం రాకు."

"అక్కా..."

"కారు కూడా వద్దు. నేనూ మేస్త్రీ ఒకళ్ళకొకళ్ళం సాయంగా పోతాంలే."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆయన లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు, వెనక్కి పిలుస్తుందేమోనని. అక్క గోడమీది టీవీ వైపు తిరిగి ఉంది.

"సౌండు పెంచమ్మా" అని నర్సుతో అంటోంది. "కాసేపట్లో సభానాయకుడుగారు మాట్లాడతారట."