డెల్బర్ట్ ఎక్కని బండి

సబీన్ నది పొంగి చర్చి మెట్లు తాకిన ఏడు డెల్బర్ట్ పోయాడు. వాగుకు అవతల, తల్లిదండ్రుల సమాధుల పక్కనే తననూ పెట్టమని ఎప్పుడో చెప్పి ఉంచాడు. వాగు మీద వంతెన లేదు. సిమెంటు చప్టా, దాని మీద పిక్కల లోతు నీళ్ళు.

శవవాహనం నడిపే ప్రూయిట్ చప్టా దగ్గరే ఆపేశాడు. "నా బండి పొట్ట నేలకానుతుందమ్మా. దిగితే దాన్నీ మనమే పూడ్చుకోవాలి. నీళ్ళు తగ్గనివ్వండి."

"రాత్రికి మళ్ళీ వానంట," అంది డెల్బర్ట్ భార్య మావిస్. మరిది హోయ్ట్ బండి వైపు చూసింది.

అది నల్లటి పెద్ద ఎస్‌యూవీ. ముందు ఇంటి గేటంత క్రోమ్ జాలీ. తలుపు తీస్తే మెట్టు దానంతటదే దిగుతుంది. లోపల మీగడ రంగు తోలు సీట్లు. కొన్న వారమే దాణా కొట్టు ముందు అందరూ వింటుండగా అన్న డెల్బర్ట్ అడిగాడు.

"ఏరా, బండి కొన్నావా, హోటల్ గది కొన్నావా? ఒక్క దాణా బస్తా పడుతుందా దీంట్లో?"

"నీ పేడ బూట్లతో మాత్రం ఎక్కకు," అన్నాడు హోయ్ట్.

డెల్బర్ట్ ఎక్కలేదు. తన ట్రక్కు చెడిపోయిన రోజున వానలో నడిచి ఇంటికి పోయాడు గాని, ఎక్కలేదు.

హోయ్ట్ వెనక తలుపు తెరిచి మీటలు నొక్కాడు. రెండు వరసల సీట్లూ మడుచుకుని చాపలా పరుచుకున్నాయి. బండి మెల్లగా కిందికి కుంగింది, పెట్టెను పెద్దగా ఎత్తే పని లేకుండా.

"పడుతుందంటావా?"

"పడుతుంది వదినా."

పట్టింది. ముందు సీటు ఎక్కబోతూ మావిస్ బురద బూట్లు విప్పడానికి వంగింది.

"విప్పకు," అన్నాడు హోయ్ట్.

మోసేవాళ్ళు పక్క మెట్ల మీద నిలబడి పైకమ్మీలు పట్టుకున్నారు. అతను మళ్ళీ మీట నొక్కితే బండి లేచి నిలబడింది. నీళ్ళలోకి దింపాడు. లోపలికి వాగు చప్పుడే రాలేదు. మావిస్ వెనక్కి తిరిగి పెట్టె వంక చూసింది.

"చూశావా, పట్టావు," అంది.

హోయ్ట్ బండిని అవతలి గట్టు ఎక్కించాడు. వాన మొదలయ్యేలోపు మట్టి కప్పడం అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే అన్న కొట్టంలో ఆవులు అరుస్తున్నాయి. హోయ్ట్ బండి తీసి దాణా కొట్టుకు పోయాడు.

"కింద ఏమైనా పరవమంటావా?" అడిగాడు కొట్టువాడు.

"ఏమీ వద్దు. వెయ్యి," అన్నాడు హోయ్ట్. ముందు సీటు దాకా బస్తాలు వేయించుకుని అన్న కొట్టానికి తోలాడు.