సీటు కింద మీట

నెరెయ్దా కారు ఇంజన్ నా రిపేరు షెడ్డులో ఒక్కసారి కూడా ఆగలేదు. అదే దాని జబ్బు. మా మతాన్సాస్ ఊరి వంతెనల మీద, ఎత్తు దారుల్లో, జనం నిండా ఎక్కినప్పుడు ఉన్నట్టుండి దాని ప్రాణం పోయేది. నా దగ్గరికి తెస్తే పొద్దస్తమానం నడిచేది. నిప్పురవ్వ పుట్టించే కాయిల్ మార్చాను. పాయింట్లు రుద్దాను. ఆ పాత అమెరికన్ కారు ఒంట్లో బిగించిన రష్యన్ జీపు ఇంజన్‌కి వెళ్లే, కనబడే ప్రతి తీగనూ వేళ్లతో కదిపి చూశాను. ఏమీ దొరకలేదు.

"నిన్ను చూస్తే దానికి సిగ్గు మేస్త్రీ," అనేది నెరెయ్దా.

ఆమె వెళ్లాక కూడా ఆ మాట షెడ్డులోనే తిరుగుతుండేది.

ఆమె భర్త ఎవెలియో రెండేళ్ల కిందట నిద్రలోనే పోయాడు. అప్పటినుంచీ ఆ కారును షేర్ టాక్సీగా తనే నడుపుతోంది. మొన్న రైలు పట్టాల మీద ఆగిపోయింది. జనం దిగి తోశారు కాబట్టి సరిపోయింది. "ఇంకోసారి ఇలా అయితే అమ్మేస్తాను," అంది. ఆ గొంతులో బెదిరింపు లేదు, అలసట ఉంది.

వచ్చిపోయే లోపాన్ని పట్టాలంటే అది వచ్చేదాకా పక్కనే కూర్చోవాలని చెప్పాను. అది నిజమే. కానీ ఆ మాట చెప్పడానికి నేను రెండు రోజులు ఎందుకు ఆలోచించానో నాకు మాత్రమే తెలుసు.

అలా ముందు సీటు మధ్యలో, ఇంజన్‌కి కరెంటు అందుతున్నంతసేపూ వెలిగే టెస్ట్ లైటు ఒళ్లో పెట్టుకుని, ఆమె భుజం పక్కన ఊరంతా తిరిగాను. లోపం కనబడితే ఈ తిరుగుడు అయిపోతుంది. కనబడకపోతే ఆమె బతుకుతెరువు పోతుంది. ప్రతి మలుపులోనూ నాలో ఒకడు ఆ లోపం రావాలని కోరుకునేవాడు, ఇంకొకడు వద్దనేవాడు. రెండోవాడి గొంతే పెద్దది.

"మేస్త్రీ ఇవాళ కూడానా?" అంది వెనక సీట్లోంచి ఉల్లిపాయల బుట్టావిడ. "రిపేరుకా, పెళ్లిచూపులకా?"

"నోరు మూసుకుని కూర్చో అక్కా, లేకపోతే బుట్టకి కూడా చార్జీ తీసుకుంటా," అంది నెరెయ్దా. నవ్వింది కానీ నా వైపు చూడలేదు.

ఆసుపత్రి దగ్గర ఒక ముసలాయన నా పక్కన ఎక్కి, తలుపు ధడేల్మని వేశాడు.

"మెల్లగా తాతా! అది మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు కాదు!"

"ఫ్రిజ్ అయితే ఇంకా మెల్లగా వేసేవాణ్ణమ్మా. అందులో గుడ్లుంటాయి!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. తలుపు పడగానే నా తొడ కింద ఏదో టిక్కుమంది. అప్పుడు తెలిసింది నా పొరపాటు. పాత కారు తలుపుని మేమెవరమూ గట్టిగా వెయ్యం. చిన్నప్పుడే తిట్లు తిని నేర్చుకున్న మర్యాద అది. షెడ్డులో ఎన్నిసార్లు వేసినా, నిద్రపోతున్న బిడ్డ గది తలుపులా వేశాను. మర్యాద తెలియని చేతికే ఈ కారు తన జబ్బు చూపిస్తుంది.

వంతెన గతుకు మీద ఇంజన్ చచ్చిపోయింది. అలవాటు ప్రకారం అందరూ దిగబోయారు.

"ఎవరూ దిగొద్దు!" అని అరిచాను. ఇన్నాళ్లూ వాళ్లు దిగే కుదుపుకే కారు బతికింది. ఆగినప్పుడల్లా ఆమె బానెట్ తీసి తీగలు ఊపేది, దానివల్లే బతికిందనుకున్నాం.

సీటు కిందికి చెయ్యి పోనిచ్చాను. గుడ్డ చుట్టిన తీగ తగిలింది, దాని చివర చిన్న మీట. పైకి నొక్కగానే ఆరిపోయిన టెస్ట్ లైటు మళ్లీ వెలిగింది. దొంగలు ఎత్తుకుపోకుండా ఇంజన్‌కి కరెంటు కోసేందుకు ఎవెలియో రహస్యంగా పెట్టుకున్నది. లోపల అరిగి వదులైపోయింది.

షెడ్డుకి వచ్చాక నెరెయ్దా ఒంగి, చెయ్యి చాపి, దాన్ని తడిమింది. కిందికి నొక్కింది. ఇంజన్ ఆగింది. పైకి ఎత్తి మళ్లీ తాళం తిప్పింది. మళ్లీ ఆపింది.

"ప్రతిసారీ దిగే ముందు ఇలా వంగేవాడు. చెప్పులు వేసుకుంటున్నాడనుకునేదాన్ని," అంది. "నాక్కూడా చెప్పలేదు చూడు, దొంగముఖం."

ఇన్ని రోజులూ పక్కన కూర్చుని నేను ఏ చూపు కోసం కాచుకున్నానో ఆ చూపు ఆమె ముఖంలోకి వచ్చింది. సీటు కింద చీకట్లోకి చూస్తోంది.

"దీన్ని తియ్యకు మేస్త్రీ. శుభ్రం చేసి ఇదే పెట్టు."

శుభ్రం చెయ్యొచ్చు. కొన్నాళ్లు బాగుంటుంది. తరవాత మళ్లీ వదులవుతుంది, ఆమె మళ్లీ నా దగ్గరికి వస్తుంది. ఆ ఆలోచన ఎంత సుఖంగా ఉందంటే, మీటను రుద్దే ఉప్పుకాగితం అప్పటికే నా చేతిలో ఉంది.

"మళ్లీ పట్టాల మీద ఆగుతుంది," అన్నాను, నా గొంతు నాకే వినపడనంత నెమ్మదిగా.

ఆమె పక్కకి జరిగి చోటిచ్చింది. మీట దగ్గర తీగలు రెండూ విప్పి, ఒకదానితో ఒకటి కలిపి అతికాను. మీటను మాత్రం ఉన్నచోటే వదిలేశాను.

"మరి ఇది?"

"ఉంటుంది. ఇక ఏ పనీ చెయ్యదు."

ఇంజన్ తిప్పింది. ఒంగి, మీట కిందికి నొక్కింది. ఇంజన్ నడుస్తూనే ఉంది. కొంచెం ఆలస్యంగా ఆగుతుందేమోనన్నట్టు ఆమె తల వంచుకుని అలాగే ఉండిపోయింది. నేనూ పక్కన నిలబడి ఆ చప్పుడు విన్నాను, ఆగాలని కోరుకుంటూ.