చలి లేని పటము

హేమంతాపరాహ్ణము. గౌతమీసైకతములమీదుగా వీచు శీతలసమీరము కొబ్బరిమట్టల నల్లలాడించుచు బాటసారులచేత నుత్తరీయములు బిగియింపజేయుచు మందకాంతియగు భానుబింబమును మేఘమాలికల చాటునకు దరుముచుండ గానవినోదినీ సభామందిరద్వారమున బంతిపూదండలు గట్టి పౌరులు పెండ్లివారివలె సందడించుచుండిరి. అది పెండ్లి గాదు. గాయనీమణి హంసవేణికి ప్రథమవర్ధంతి.

ఆమె పల్లవి యెత్తుకొన్నచో వీథిలో జట్కాబండ్లు నిలిచిపోయెడివి. ఏకైకపుత్రుడు మశూచికముచే మరణించిన పిమ్మట దుఃఖము మరచుటకై మద్యమున కలవాటుపడి యైదేండ్లక్రిందట నీ వేదికమీదనే చరణమధ్యమున సాహిత్యము మరచి తూలిపడెను. సరస్వతి యన్న నోళ్లే తాగుబోతని కేకలు వేసినవి. సభా కార్యదర్శి సర్వోత్తమరావు పంతులు గడియక్రిందట స్వహస్తములతో నామె భుజములపై గప్పిన శాలువను స్వహస్తములతోడనే లాగికొనెను.

అటుపిమ్మట హంసవేణి మద్యము ముట్టలేదు. ఇరువదియేండ్లు ఆమె వెనుక తంబురా మీటిన అప్పాయమ్మయే దానికి సాక్షి. అక్కను మరియొక్కమారు పాడనిండని యేటేట నామె పంతులుగారి గడప యెక్కెను. సభాగౌరవమునకు భంగమని యాయన యేటేట త్రిప్పిపంపెను. కడపటి యేట జ్వరపీడితయై హంసవేణి మంచమునబడి యడిగినది యొక్కటే మాట.

"ఈ ఏడైనా ఒప్పుకున్నారా అప్పాయీ?"

నరము లేని నాలుక గదా, ఆమె మరణించినంతనే లోకము మాట మార్చెను. నాడు వీథిలో పగులగొట్టిన గ్రామఫోను రికార్డులకై నేడు సంతలు గాలించిరి. నాటి తూలుపాటు మద్యమువలన గాదట, నాదసమాధియట! ఇట్టి నాదసమాధి బ్రతికియున్నవారి కేల పట్టదో ఈ కథకునకు దెలియదు.

వర్ధంతిసభలో పంతులు హంసవేణి పటము ముందు నిలిచి "ఈ గానదేవతను మన సభ కన్నబిడ్డవలె కాపాడుకొనెను" అని గద్గదకంఠముతో పలికి పటమునకు శాలువ గప్పెను. తంబురా మీటుటకై యాహూతయై వేదికపై గూర్చున్న అప్పాయమ్మ దాని చిరిగిన మూలను జూచి తంబురాను నేలకు దించి లేచెను.

"పంతులుగారూ, ఇది ఆవేళ మీరు లాక్కున్న శాలువేనండి. నా తంబురా బిరడాకి తగులుకుని చిరిగిన మూల ఇదిగో."

"గడచినదాని నిప్పుడు తవ్వనేల అప్పాయమ్మా? సభ నిరీక్షించుచున్నది. శ్రుతి మీటుము."

"అక్క చలికి వణికిపోతుంటే నా పాతచీర మడతపెట్టి కప్పానండి. ఒప్పుకున్నారా అని అడిగితే ఒప్పుకున్నారక్కా అని అబద్ధం చెప్పి పంపించాను. ఏడాదిగా ఆ అబద్ధం నన్ను తినేస్తోంది. ఇవాళ దాన్ని మీరు నిజం చేశారు, మనిషి లేకుండా చూసుకుని."

పిమ్మట శాలువను దీసి మడతపెట్టి పంతులుగారి చేతులలో నుంచెను.

"దాచుకోండి. ఇంకెవరైనా పోయినప్పుడు పనికొస్తుంది."

ఆమె తంబురా భుజమున వైచికొని మెట్లు దిగిపోయెను. పంతులు కనుసైగ చేయగా గ్రామఫోను తిరిగెను, హంసవేణి పాడెను, సభ్యులు కన్నీరు దుడుచుకొనిరి. శాలువ మరల పటము నెక్కెను. పటమునకు చలి వేయదు.