ఒకే మడతలో రెండు బొమ్మలు

కాగితం పడవా, కాగితం పడవా,
అక్కనెక్కించుకో, చెల్లినెక్కించుకో...

ఆ తర్వాత ఏదో ఉంది. ఏరు దాటడమో, పడవ తడవడమో. చిన్నప్పుడు ఇద్దరూ గొంతులు చించుకుని పాడిన పాటే. పెద్దయ్యాక, పొయ్యి మీద మైదా జిగురు కలుపుతూ అక్క అక్కడికొచ్చి ఆగిపోయేది. కత్తెరలకు నూనె రాస్తూ చెల్లెలూ అక్కడే ఆగేది.

చెల్లెలు బడిలో బొమ్మల టీచరు. భర్త పోయాక అక్క ఆమె దగ్గరే ఉండేది. అక్కకు చదువు రాదు. చిన్నప్పుడు ఒకరు బడికెళ్ళాలంటే ఒకరు ఇల్లు చూసుకోవాలి కదా, ఆ ఇల్లు చూసుకునేది తనే అయింది. రోజూ జిగురు గిన్నె పట్టుకుని చెల్లెలి వెంట బడికెళ్ళేది. పిల్లలు ఆమెను జిగురమ్మ అని పిలిచేవాళ్ళు.

సెలవులకు ముందు వారమంతా పిల్లలు బొమ్మల దండలు కత్తిరించేవాళ్ళు. ఇంట్లో ఎంతమందుంటే అంతమంది వచ్చేలా కాగితం మడిచి, పైన ఒక్క బొమ్మ గీసి కత్తిరించి విప్పితే, అందరూ చేతులు పట్టుకుని వరసగా నిలబడతారు. ఆపైన ఒక్కో బొమ్మకూ ఇంట్లో ఒక్కొక్కరి మొహం దిద్దేవాళ్ళు. చేతుల దగ్గర మడత తెగిందా, మళ్ళీ మొదటికే. దండలన్నీ కిటికీకి అడ్డంగా దారానికి వేలాడేవి. ఏ ఇంట్లోనైనా ఒకరికి కాలం దగ్గరపడితే ఆ బొమ్మ పక్కబొమ్మ చెయ్యి వదిలేసేది. ఎంత జిగురు పెట్టినా నిలిచేది కాదు. అప్పుడు చెల్లెలు ఆ పిల్లను పిలిచి, ఇవాళ ఆటలకు పోకుండా తాతయ్య దగ్గర కూర్చోమని పంపేది. చెప్పుకోవాల్సినవి చెప్పుకున్నామని ఆ ఇంటివాళ్ళు తర్వాత వచ్చి కళ్ళు తుడుచుకునేవారు. మబ్బు పడితే గొడుగు తీసుకున్నట్టే, అంతకంటే ఏమీ లేదు.

ఆ ఏడు మిగిలిన ముక్కతో చెల్లెలు తమ ఇంటికీ ఒక దండ కత్తిరించింది. ఇద్దరే కాబట్టి ఒకటే మడత. పిల్లల బొమ్మలకు కళ్ళూ ముక్కులూ దిద్దేసరికే పొద్దుపోయింది, వీటికి మొహాలు పెట్టనేలేదు. మర్నాడు చూస్తే ఒక బొమ్మ దారం మీద ఉంది, ఒకటి కిటికీ గట్టు మీద పడి ఉంది.

రెండూ ఒకే అచ్చు. ఏది ఎవరో ఎలా తెలుస్తుంది?

"పెద్దదాన్ని, నాదే" అంది అక్క.

"నీదైతే ఇంకాస్త లావుండేది" అంది చెల్లెలు.

నవ్వుతూనే, పడిన బొమ్మ కోసం ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపారు.

ఇంటికొచ్చి అక్క డబ్బాలన్నీ దించి ఏది ఎక్కడుందో చెల్లెలికి చూపించింది. చెల్లెలు బీరువా తాళాలు అక్క చేతిలో పెట్టింది. ఎవరి సర్దుడు వాళ్ళది.

"పోయేలోగా ఆ బొమ్మ వెనక నా పేరు నేనే రాయాలే" అంది అక్క. "దిక్కులేనిదానిలా ఉత్తినే పడుండటమేంటి?"

చెల్లెలు కత్తెర తీసింది. రంగుకాగితాల్లో అక్షరాలు కత్తిరించి ఒక్కోటీ అక్క అరచేతిలో పెట్టింది. సెలవుల్లో ఖాళీ తరగతిలో, పిల్లల బెంచీలో మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చుని, మెలికల మీద వేలు పెట్టి అక్క నేర్చుకుంది. పోయేవాళ్ళకు తొందరెక్కువ, అక్షరాలు తొందరగానే వచ్చాయి. గుణింతాల దగ్గరికొచ్చేసరికి చెల్లెలి చేతిలో కత్తెర నిలవలేదు. ఇంట్లో మంచం మీద నుంచి ఆమె చెబుతుంటే అక్కే కత్తిరించుకుంది. చెల్లెలు చిక్కిపోవడం చూసి కూడా, దండ కట్టే వారం అలసటేనని తనకు తాను సర్దిచెప్పుకుంది.

పేరు రాయడం వచ్చిన రోజు అక్క ఆ బొమ్మను తెచ్చి వెనక్కి తిప్పింది. అక్కడ అప్పటికే పెన్సిలుతో ఒక పేరుంది. ఎవరి సాయమూ లేకుండా, పెదాలు కదుపుతూ ఆమె చదివిన మొదటి మాట అదే. చెల్లెలి పేరు.

ఎప్పటినుంచి తెలుసే అంటే, ముందే తెలుసంది చెల్లెలు. చెబితే నువ్వు నా మంచం పట్టుకుని ఏడుస్తూ కూర్చునేదానివి, చదువుకునేదానివా అని ఎదురడిగింది.

కాసేపటికి ఆ పడవ పాట మొదలుపెట్టారు. అక్క ఎప్పటిచోటే ఆగింది. చెల్లెలు మాత్రం ఏదో తట్టినట్టు కళ్ళు పెద్దవి చేసింది. అక్క ఆశగా ముందుకు వంగింది. చెల్లెలు ఒక్క మాట అంది, ఆ తర్వాత మరి నోరు విప్పలేదు, కాబట్టి అక్కకు మిగిలిన ఆఖరి మాట అదే.

"గుర్తొచ్చింది గానీ చెప్పనక్కా. ఇప్పుడు నీకు రాయడం వచ్చుగా, నువ్వే రాసుకో."