కదలని అంకె

ఒకటో బాయిలర్ మా ఆయనది, రెండోది మా అన్నయ్యది. సొంతాలేం కావు, ఇద్దరూ జీతానికి మంట చూసుకునేవాళ్ళే, అయినా మా ఇంట్లో అలాగే అంటాం. నాది మీటర్ల గది. ఒకటో బాయిలర్ పొగలో నూటికి ఎన్ని పాళ్ళు కార్బన్ డయాక్సైడ్ ఉందో చూపించే మీటరు నా బాధ్యత.

మా ప్లాంటులో ఇక బొగ్గు కాల్చడం మానేసి ఎండతో కరెంటు తీస్తారట. మంచిదే. రోజంతా ఆ పొగని కొలిచేదాన్ని, కాదంటానా? కానీ రెండు బాయిలర్లూ ఒకేసారి ఆపరు. ఏది ఎక్కువ కార్బన్ వదులుతుందో అది ముందు ఆగుతుంది, దాని మనుషులు ఇంటికి పోతారు. మిగిలినది మూడేళ్ళు నడుస్తుంది, ఆ తర్వాత దాని మనుషులకి సోలార్ పని నేర్పిస్తారు. ఒక నెల అంకెలు చూసి తేల్చి, సోమవారం గోడకి కాగితం అంటించారు. ముందు ఆగేది రెండో బాయిలర్.

అన్నయ్యకి యాభై రెండు. మంట తప్ప ఇంకోటి తెలీదు. ఒకసారి మా మిక్సీ బాగుచేస్తానని విప్పాడు, మర్నాడు మేం కొత్తది కొనుక్కున్నాం.

"లెక్క లెక్కే చెల్లీ," అన్నాడు క్యాంటీన్లో టీ ఊదుకుంటూ. "మా దానికి వయసైపోయింది. పోనీలే, బావ ఉద్యోగం నిలబడిందిగా."

తిట్టినా బాగుండేది. నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు కచ్చితంగా రెండో బాయిలర్ మీటరుదే అనుకున్నాను. దాన్ని చూసే పెద్దమనిషికి నెత్తిమీదున్న కళ్ళజోడే కనపడదు, కార్బన్ కనపడుతుందా? ఆయన పొరపాటు పట్టుకుని అన్నయ్యని గట్టెక్కిద్దామని రెండు మీటర్ల రికార్డులూ తీసి పక్కపక్కన పరిచాను.

రెండో బాయిలర్ గీత నూటికి పన్నెండు పాళ్ళ దగ్గర ఎగుడుదిగుడుగా, ఉండాల్సినట్టే ఉంది. మా గీత పన్నెండో తారీకు దాకా బాగానే ఉంది. అక్కణ్ణుంచి తొమ్మిది పాయింటు నాలుగు దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోయింది. పందొమ్మిది రోజులు.

పన్నెండో తారీకున ఏం చేశానో గుర్తొచ్చింది. మీటరు గొట్టం శుభ్రం చేసేటప్పుడు పిచ్చి అంకెలు వస్తాయి. కంట్రోల్ రూములో వాళ్ళు కంగారుపడకుండా ముందు హోల్డ్ నొక్కుతాం, అప్పుడున్న అంకె అలాగే నిలిచిపోతుంది. పనయ్యాక హోల్డ్ తీసేయాలి. మర్చిపోకుండా మీటరుకి ఎర్ర చీటీ కడతాం. ఆ రోజు చీటీ దారం తెగింది. పది నిమిషాల పనికి చీటీ ఎందుకులే అనుకున్నాను. గొట్టం బిగిస్తుండగా పాపకి జ్వరమని బడి నుంచి ఫోనొచ్చింది, పరిగెత్తాను. రిపేరయ్యాక అప్పుడే వెలిగించిన బాయిలర్ అది, మంట చిన్నది కాబట్టి అంకె చిన్నది. తర్వాత పొగగొట్టంలోంచి పోవాల్సిందంతా పోతూనే ఉంది, లెక్కలోకి మాత్రం రాలేదు. అంటే ముందు ఆగాల్సింది మా బాయిలరే.

సాయంత్రం మా ఆయన బట్టలు మడతపెడుతుంటే చెప్పాను.

"మీరు గంటగంటకీ ఆ అంకె పుస్తకంలో రాస్తారు కదా. అనుమానం రాలేదా?"

"వచ్చింది," అన్నారు. "తక్కువేగా చూపిస్తోంది, మనకెందుకులే అనుకున్నాను."

"ఇప్పుడేం చేద్దాం?"

"నువ్వు కాక ఇంకెవరైనా చూశారా?"

"లేదు."

పాప గౌను మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆ కోపంలో సగం నా మీదేనని నాకు తెలుసు.

పొద్దున ఆయన కంట్రోల్ రూములో డ్యూటీ ఎక్కారు, నేను మీటరు ముందు నిలబడ్డాను. ఊరుకుంటే ఇంకో వారంలో అన్నయ్య బాయిలర్ ఆరిపోతుంది, నా తప్పూ దాంతోపాటే పోతుంది. హోల్డ్ తీస్తే అంకె ఎగురుతుంది. అలా ఎగిరితే డ్యూటీలో ఉన్నవాడు టైమూ కారణమూ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి, ఆ పేజీ సాయంత్రానికల్లా తనిఖీవాళ్ళకి చేరుతుంది. ఆయన రాయకపోతే మీటరు పిచ్చిగా ఎగిరిందనుకుంటారు, అంతే.

టీ ఊదుకుంటున్న అన్నయ్య మొహం గుర్తొచ్చింది. హోల్డ్ తీసేశాను.

నిమిషంలో ఫోన్ మోగింది.

"అంకె కదిలింది," అన్నారు మా ఆయన. "పదమూడు పాయింటు ఒకటి."

"మన బాయిలర్ అసలు అంకె అదే."

ఫోన్లో ఆయన వెనకాల ఎవరో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నారు.

"కారణం ఏమని రాయను?" అన్నారు.

"పన్నెండో తారీకున హోల్డ్ తీయడం మర్చిపోయానని, నా పేరుతో రాయండి."

"చూసి కూడా ఊరుకున్నవాడి పేరో?"

ఫోన్ పెట్టేయకుండా అలాగే నిలబడ్డాను. ఆయనా పెట్టలేదు.

"రెండు పేర్లూ రాశాను, సంతకం పెట్టాను," అన్నారు కాసేపటికి. "నేను ఊరుకున్న సంగతి మీ అన్నయ్యకి మాత్రం నువ్వే చెప్పు. నా నోట రాదు."