గాజు గిన్నెలో అకేరా

"తినే గిన్నెలో ఆ బురద ముద్దేంటి మోర్వెనా?" అన్నాడు డెంజిల్, బూట్లతోనే వంటింట్లోకి వస్తూ. పొద్దున తుడిచిన నేల అది.

సముద్రపు పోటు తగ్గి ఏటిలో నీళ్లు బాగా తీసిన రోజల్లా డెంజిల్ బృందం బురదలో ప్రాణుల్ని వెతుకుతుంది. పేర్లు తేల్చేది వాళ్లు, వాళ్లకు తినడానికి పాస్టీలు, అంటే కూర పెట్టి కాల్చిన కజ్జికాయల్లాంటివి, చేసి మోసుకెళ్లేది అతని భార్య మోర్వెనా. ఇవాళ ఖాళీ బుట్టతో తిరిగొస్తుంటే సముద్రపు గడ్డి మధ్య ఈ నత్త ఆమెకే దొరికింది. వేలి కణుపంత జిగురు ముద్ద, వీపున బుడగలాంటి పల్చని చిప్ప. చేతిలో ఉన్నంతసేపూ అది ముద్దే. ఉప్పునీళ్లలో వదిలి ముట్టుకోకుండా కూర్చోవాలి. భయం తీరాక ఒంటి అంచులు రెక్కల్లా విప్పి ఈదితే అది అకేరా అనే నత్త, పాకుతూ ఉండిపోతే దాని దాయాది. ఇన్నేళ్లూ వాళ్ల మాటలు వింటూ నేర్చుకున్నదే. ఈ ఒక్కదాన్నీ తన కళ్లతో తేల్చుకోవాలనుకుంది. అంతకుమించి ఏమీ అడగలేదు.

డెంజిల్ వేలితో పొడిచాడు. "చచ్చిందిది."

"పొడవకు. కాసేపాగితే విప్పుకుంటుంది."

"ఓహో, మా ఇంట్లో కొత్త పండితురాలు!" అని నవ్వి, బయటున్న వాళ్లను టీకి పిలిచాడు.

అప్పుడే మేడ మీద అత్తగారి చేతికర్ర నేలను కొట్టింది. పక్క తడిసింది. "కింద ఏం వెలగబెడుతున్నావు? పిలిచి పిలిచి నా గొంతు పోయింది!" ముసలావిడ నడుం పట్టుకుని దుప్పటి లాగుతుంటే కింద కేకలు, చప్పట్లు వినబడ్డాయి. నత్త విప్పుకుందని మోర్వెనాకు అర్థమైంది. చేతుల్లో మనిషిని వదిలేసి ఎలా పరుగెడుతుంది?

దిగేసరికి అది మళ్లీ ముద్దయింది.

"అబ్బ, ఎంత బాగా ఈదిందో! మీరుండాల్సింది," అంది బృందంలో కొత్తగా చేరిన టామ్సిన్.

"నేను చూడగానే అనుకున్నా, అకేరానే," అన్నాడు డెంజిల్. "రేపు స్పిరిట్‌ సీసాలో వేసి నిలవుంచుదాం. నమూనా లేనిదే ఎవరూ నమ్మరు. టీ ఏదీ?"

వాళ్లు ముందుగదిలో పాస్టీలు తింటుండగా ఆమె గిన్నెతో పెరటి దారిన ఏటికి వెళ్లింది. నత్తను అరచేతిలోకి తీసుకుని, ఆ చెయ్యి నీళ్లలో చాపి చాలాసేపు వంగి నిలబడింది. ఒక్కసారి విప్పవే, అని బతిమాలింది. విప్పలేదు. ముద్దగానే బురదలోకి జారిపోయింది. ఆమెకు ఏడుపొచ్చింది.

తిరిగొచ్చి గిన్నె తోమి, టీ పెట్టింది.

"నత్తేది?" అన్నాడు డెంజిల్.

"చచ్చిపోయింది. పారబోశాను."

"నీకు ఏదప్పజెప్పినా అంతే!"

చచ్చిందంటే చాలు, ఇక దాన్నెవరూ పొడవరు, పిలవరు. తన గురించి కూడా ఆ అబద్ధం చెప్పిపెట్టేవాళ్లు ఒక్కరుంటే బాగుండుననుకుంది. పైన కర్ర మళ్లీ చప్పుడు చేసింది. మోర్వెనా మెట్లెక్కింది.