ట్యాంకు మీద చెయ్యి

మా డెయిరీకి పోయిన ఏడు ఒక జబ్బు పట్టింది. దాని పేరు ఫ్రేమ్‌వర్క్. హైదరాబాద్ నుంచి టై కట్టుకున్న ముగ్గురు వచ్చి, గిద్దలూరు ఆఫీసులో మూడు రోజులు ఏసీ కింద కూర్చుని, పాలు పితకడం తప్ప అన్నీ మాకు నేర్పిపోయారు. కంప్యూటర్‌కు ఏ చిన్న రోగం వచ్చినా ముందు టికెట్ పెట్టాలట, అంటే కంప్యూటర్‌లో ఫిర్యాదు రాయాలట. అనుమతి వచ్చేదాకా మెషీన్ మీద చెయ్యి వెయ్యకూడదట. వాళ్ళకు పోసిన ఫీజుతో పది ఊళ్ళకు జనరేటర్లు వచ్చేవి. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది.

నా పేరు ఇమ్తియాజ్. రాచర్ల వైపు నాలుగు పాల కేంద్రాల్లో కంప్యూటర్లు, పాలు చల్లబరిచే ట్యాంకుల ప్యానెళ్ళు చూసేది నేనే. పన్నెండేళ్ళుగా ఫోన్ రాగానే బండి తీయడం, ఆగిపోయినదాన్ని కదిలించి రావడం, ఇదే నా పని. ఫ్రేమ్‌వర్క్ వచ్చిన నెలలోనే, అడక్కుండా ఒక ప్యానెల్‌ను ఆపి మళ్ళీ వేశానని నాకు మెమో ఇచ్చారు. ట్యాంకు బాగుపడింది కదా సార్ అంటే మా మేనేజర్ వీరాంజనేయులు, "బాగుపడేది కాదబ్బా, పద్ధతి ముఖ్యం. ఇంకోసారి చేస్తే ఇంటికి పోతావ్" అన్నాడు.

మే నెలలో ఒక పొద్దున కాశమ్మ వాళ్ళ ఊరి కేంద్రానికి వెళ్ళాను. ఆ కేంద్రం నిలబడిందే ఆమె వల్ల. ఇల్లిల్లూ తిరిగి, పాలు ఇక్కడే పొయ్యండని అరవై మంది ఆడవాళ్ళను ఒప్పించింది. ట్యాంకులో చెడితే పోసినవాళ్ళకే నష్టమని కంపెనీ షరతు పెట్టినా ఆమె మాట మీద పోస్తున్నారు. పాలు పోసి పోతూ పోతూ ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి చూడటం ఆమెకు అలవాటు, దూడ ఒళ్ళు చూసినట్టు.

"నాయనా ఇమ్తియాజూ, ఇది వెచ్చగుందే. సల్లబడలేదు."

చూశాను. హెడ్డాఫీసు వాళ్ళు పంపిన అప్‌డేట్‌తో ప్యానెల్ బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ వేస్తే రెండు నిమిషాల పని. వేలు స్విచ్ దాకా పోయింది. మెమో గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను.

టికెట్ పెట్టాను. ఒక్క కేంద్రానికే ఇబ్బంది కాబట్టి చిన్న సమస్య అట, ఎనిమిది గంటల్లో పరిష్కరిస్తారట. ఎనిమిది గంటలు! మే నెలలో, పాలకు! ఒళ్ళు మండి వీరాంజనేయులుకు ఫోన్ చేశాను.

"టికెట్ పెట్టినావు కదా, ఇంకేంది? ఆగు" అన్నాడు. నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అదే మాట.

"మునుపట్లా ఆపి మళ్ళా ఎయ్యరాదా నాయనా?" అంది కాశమ్మ.

"పర్మిషన్ రావాలత్తా."

"ఎవురియ్యాల?"

"హైదరాబాదోళ్ళు."

"ఈ పాలు పోసింది వాళ్ళా ఏంది?"

పదకొండుకు మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. వెయ్యి లీటర్లు కాలవలోకి వదిలేశాం. ఆడవాళ్ళు కాశమ్మను చుట్టుముట్టి, "నీ మాట నమ్మి పోసినాం గదక్కా" అంటుంటే ఆమె చీపురు తీసుకుని నేల మీద పాలు కాలవలోకి ఊడుస్తోంది. నేను కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపించింది.

రెండు దాటాక అనుమతి వచ్చింది. ఖాళీ ట్యాంకు ప్యానెల్‌ను ఆపి మళ్ళీ వేశాను. మొత్తం ఏడు గంటల నలభై నిమిషాలు, గడువులోపే. కంప్యూటర్‌లో టికెట్ పచ్చరంగుకు మారి మూసుకుపోయింది. పాలు పోయాయని రాయడానికి అందులో చోటే లేదు.

నెల తిరక్కముందే మార్కాపురం హోటల్లో మీటింగ్ పెట్టారు. పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించిన ఉద్యోగినని నాకు సర్టిఫికెట్ ఇచ్చి శాలువా కప్పారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వీరాంజనేయులే.

మర్నాడు కాశమ్మ ఊరికి వెళ్తే కేంద్రానికి తాళం వేసి ఉంది. పాలు పోసేవాళ్ళే లేరట. ఆమె పాల క్యాను పక్కన పెట్టుకుని, గిద్దలూరులో అమ్ముకోవడానికి ఆటో కోసం ఆ మెట్ల మీదే కూర్చుని ఉంది.

"శాలువా కప్పినారంట గదా నాయనా?"

"అవునత్తా."

"దేనికి?"

"చెప్పినట్టు విన్నందుకు."

కాశమ్మ నా కుడిచెయ్యి పట్టుకుని, తిప్పి చూసింది.

"చెయ్యి బాగానే ఉందే" అని వదిలేసి, క్యాను తీసుకుని ఆటో ఎక్కింది.